ఎర్ర స్విచ్, మాస్టర్ రోల్: మ్జూజూలో పది రోజులు

మొదటి రోజు, రెండో రోజు

ముందు మేం ఎందుకు వెళ్ళామో చెప్పేస్తాను. వర్జీనియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. మా కాలేజీకి ఆఫ్రికాలోని మలావీ దేశంలో, ఉత్తరాన మ్జూజూ అనే ఊరి దగ్గర ఉన్న ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీతో ఒప్పందం ఉంది. రెండు కాలేజీల పేర్లూ రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఏటా వేసవిలో కొంతమంది విద్యార్థులు అక్కడికి వెళ్ళి పని చేస్తారు, దానికి క్రెడిట్లు ఇస్తారు. ఇక్కడ దీన్ని ఇంటర్నేషనల్ సర్వీస్ లెర్నింగ్ అంటారు. మన ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు లాంటిదే అనుకోండి, కాకపోతే పార పట్టుకుని ఫొటో దిగితే సరిపోదు, రోజూ డైరీ రాయాలి, చివర్లో పేపర్ రాయాలి. 2025 జూన్‌లో ఏడుగురు పిల్లల్ని తీసుకుని నేను వెళ్ళాల్సి వచ్చింది. మా పని ఆ కాలేజీకి ఏం అవసరమో తెలుసుకుని రావడం. నీడ్స్ అసెస్‌మెంట్ అనే పెద్ద మాట పెట్టుకుని, పద్నాలుగు పేజీల ఫారమ్ కూడా తయారు చేసుకున్నాం.

వాషింగ్టన్ నుంచి అడిస్ అబాబా పదమూడు గంటలు. అక్కడి నుంచి మలావీ రాజధాని లిలాంగ్వేకి ఇంకో నాలుగు గంటల పైన. విమానం సంగతులు రాయను, అందరి విమానాలూ ఒకటే. దిగగానే డబ్బు మార్చుకుంటే బ్యాంకు రేటు డాలరుకు 1,700 క్వాచాలు పైనే ఇచ్చారు, అంత కట్ట చూసి పిల్లలకి నవ్వాగలేదు. 2023 నవంబరులో ఆ క్వాచా విలువ తగ్గించి డాలరు ధరని ఒక్కసారిగా 44 శాతం పెంచారని, ఆ రోజు నుంచి తన జీతంతో కొనే నూనె సగమైందని మా డ్రైవర్ చెప్పాక నవ్వు ఆగింది.

రాత్రి న్సీమా తిన్నాం. మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేస్తారు, పక్కన ఆకుకూర, చేప. చేత్తో తుంచి, వేళ్ళతో సొట్ట పెట్టి, కూర అద్దుకుని తినడమే. మా బృందంలో హైదరాబాద్ నుంచి చిన్నప్పుడే వచ్చేసిన అమ్మాయి ఒకతి ఉంది, ఎలక్ట్రికల్ చదువుతోంది. అందరి ముందూ నన్ను సర్ అంటుంది, తిండి దగ్గర మాత్రం మర్చిపోయి అంకుల్ అనేస్తుంది. "అంకుల్, ఇది మా నాయనమ్మ చేసే సంకటే కదా!" అంది. అవును, రాగి బదులు మొక్కజొన్న, అంతే తేడా.

మూడో రోజు

లిలాంగ్వే నుంచి మ్జూజూకి సుమారు 360 కిలోమీటర్లు, ఎం-1 అని ఒకే రోడ్డు. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు, కరెంటు స్తంభాలకి సెప్టెంబరు ఎన్నికల జెండాలు. కసుంగు జిల్లా దాటుతుంటే నాలో నేనే ఒక వాదన పెట్టుకున్నాను. ఈ జిల్లాలోనే వింబే అనే ఊళ్ళో, 2001-02 కరువు టైములో, ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన విలియం కామ్‌క్వాంబా అనే కుర్రాడు స్కూలు లైబ్రరీలో దానంగా వచ్చిన సైన్సు పుస్తకంలో గాలిమర బొమ్మ చూసి, సైకిలు ఫ్రేమూ ట్రాక్టరు ఫ్యానూ నీలగిరి కర్రలూ కలిపి ఇంటికి కరెంటు తెప్పించుకున్నాడు. ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు అప్పటికి, బొమ్మలు చూసే కట్టాడు. పడవల్లో కంటెయినర్లు నింపి పాత పుస్తకాలు పంపడం దండగ అని లైబ్రరీ మీటింగుల్లో వాదించేవాళ్ళలో నేనొకణ్ణి. ఆ పిల్లాడు గుర్తొచ్చినప్పుడల్లా నా వాదనకి ఒక కాలు విరుగుతుంది. అయినా దండగే అంటాను, కానీ కాస్త నెమ్మదిగా అంటాను.

సాయంత్రానికి విఫ్యా పీఠభూమి ఎక్కాం. మైళ్ళ కొద్దీ పైన్ చెట్లు, పొగమంచు, చలి. జూన్ అక్కడ చలికాలం. అంతకు ఏడాది ముందు, 2024 జూన్ 10న, ఉపాధ్యక్షుడు సౌలోస్ చిలిమా ప్రయాణిస్తున్న సైనిక విమానం మ్జూజూలో మబ్బుకి దిగలేక వెనక్కి తిరిగి, ఈ చికంగావా అడవిలోనే కూలిపోయింది. తొమ్మిది మంది, ఎవరూ బతకలేదు. డ్రైవర్ ఆ చోటు దగ్గర్లోకి వచ్చాక రేడియో కట్టేశాడు, మళ్ళీ ఊరు వచ్చేదాకా పెట్టలేదు.

నాలుగో రోజు

కాలేజీ. మూడు వందల పైచిలుకు విద్యార్థులు, అందరూ ప్రాథమిక పాఠశాల టీచర్లు కావలసినవాళ్ళు. ప్రార్థనతో మొదలుపెట్టారు, తర్వాత పాటలు, తర్వాత ప్రిన్సిపాల్ గారి మాటలు, తర్వాత టీ, దాంతో పాటు మందాసి. మన మైసూరు బోండాకి కొంచెం తీపి తగిలిస్తే ఎలా ఉంటుందో అది.

ప్రిన్సిపాల్ గారు అన్న మాటల్లో ఒకటి రాసుకున్నాను. మలావీలో 1994లో ప్రాథమిక విద్య ఉచితం చేశారు, బడికి వచ్చే పిల్లలు దాదాపు 19 లక్షల నుంచి ఒక్క ఏడాదిలో 30 లక్షల దగ్గరికి చేరారు. అంతమందికి టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? ముప్పై ఏళ్ళుగా ఆ లోటు పూడ్చే పనే మా కాలేజీలది అన్నారు. ఇప్పటికీ ఒక టీచరు ముందు అరవై డెబ్బై మంది కూర్చోవడం మామూలే.

మధ్యాహ్నం మా ఫారమ్‌లు పంచాం. "కంప్యూటర్ల అవసరం ఎంత ఉంది? 1 నుంచి 5 వరకు మార్కు వేయండి." 5. ప్రొజెక్టర్? 5. పుస్తకాలు? 5. శిక్షణ? 5. నలభై రెండు ఫారమ్‌లు వచ్చాయి, అన్నిట్లోనూ దాదాపు అన్నీ 5లే. మా వాళ్ళలో ఒక అబ్బాయి లాప్‌టాప్‌లో గ్రాఫ్ గీస్తే అన్ని కడ్డీలూ ఒకే ఎత్తులో, ప్రహరీ గోడలా వచ్చింది. మరి మనింటికి చుట్టం వచ్చి "నీకు ఫ్రిజ్ కావాలా, టీవీ కావాలా" అని అడిగితే మనం 2 వేస్తామా?

అయిదో రోజు

ఇది నేను రాయకుండా దాటేద్దామనుకున్న రోజు.

అంతకు ముందు ఏడాది మా కాలేజీ నుంచి పన్నెండు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు పంపించాం. వాటిని చూపించమని అడిగితే ఉప ప్రిన్సిపాల్ కొంచెం ఇబ్బందిగా స్టోర్ రూమ్ తలుపు తీశారు. తొమ్మిది అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. మూడు బయట ఉన్నాయి, వెనకవైపు నల్లగా మసి. "ప్లగ్ పెట్టగానే టప్‌మని పేలాయండి, పిల్లలు భయపడ్డారు, మిగతావి ముట్టుకోలేదు" అన్నారు. ఏడాదిగా ఆయన ఒక్క ఈమెయిల్ రాయలేదు. ఇచ్చిన వస్తువు పాడైందని ఇచ్చినవాళ్ళకి చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నారట.

మా ఎలక్ట్రికల్ అమ్మాయి ఒకదాన్ని వెనక్కి తిప్పి ఫోను లైటు వేసింది. పవర్ సప్లయి డబ్బా మీద చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది చూశారా, కొన్ని పాత రకాల్లో, 115 ఒక వైపు, 230 ఒక వైపు. అన్నీ 115 మీదే ఉన్నాయి. అమెరికాలో ఉండేది ఆ కరెంటే. మలావీలో మన దేశంలో లాగే 230 వోల్టులు. పెన్ను మొనతో ఆ స్విచ్ పక్కకి జరిపితే అయిపోయే పని. వాటితో పాటు పంపిన యూపీఎస్‌లకైతే ఆ స్విచ్ కూడా లేదు, అవి 120 వోల్టులవే, అక్కడ తలుపుకి ఆనించుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు.

ప్యాకింగ్ లిస్టు మీద సంతకం నాది. తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ణి, అమెరికా నుంచి తెచ్చిన హెయిర్ డ్రయ్యర్ మా అక్క ఇంట్లో కాల్చేసినవాణ్ణి, 230 వోల్టులు నాకు కొత్త సంగతా? ఎవరో ఒకరు చూసి ఉంటారులే అనుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఉప ప్రిన్సిపాల్‌కి క్షమాపణ చెప్పాను. ఆయన నా భుజం తట్టి, ఇంకో మందాసి తినమన్నారు. సాయంత్రానికి తొమ్మిదీ పనిచేశాయి. ఏడు గంటలకి కరెంటు పోయింది.

ఆరో రోజు

ఫారమ్‌లు పక్కన పెట్టి, ఒక్కొక్కరం ఒక్కొక్కరి వెంట పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉందాం, ఏమీ అడగొద్దు, చూద్దాం అని ముందు రోజు రాత్రి టార్చి వెలుగులో కూర్చుని నిర్ణయించుకున్నాం. నేను లైబ్రరీలో పనిచేసే ఆవిడ వెంట వెళ్ళాను. అక్కడివాళ్ళ తుంబుకా భాషలో పెద్దావిడని గౌరవంగా అమామా అంటారు, నా చెవికి అది అమ్మకీ అమ్మమ్మకీ మధ్య ఎక్కడో వినపడింది. ఆవిడ నన్ను అదాదా అనేవారు, అంటే తండ్రి, అయ్యగారు లాంటి పిలుపు.

ఆవిడ ఏడింటికి తాళం తీస్తారు. అప్పటికే గుమ్మంలో ఇరవై మంది. లోపల నాలుగు బీరువాల నిండా దానం పుస్తకాలు: 1980ల నాటి అమెరికన్ సైకాలజీ పుస్తకం ఒకటే పదకొండు కాపీలు, ఎక్కడిదో ఒక రాష్ట్రపు పన్నుల చట్టం, మంచు మీద కారు నడపడం గురించి ఒకటి. వాటివైపు ఎవరూ చూడలేదు. అందరూ ఆవిడ బల్ల దగ్గరికే వచ్చారు. బల్ల సొరుగులో ఉన్నవి ప్రభుత్వ సిలబస్ ప్రకారం వేసిన మాడ్యూళ్ళు, అంటే పాఠాల పుస్తకాలు, ఒక్కో సబ్జెక్టుకి ఆరు కాపీలు. మూడు వందల మందికి ఆరు. రెండేసి గంటలకి ఇస్తారు, రిజిస్టర్‌లో సంతకం, గోడ గడియారం చూసి మళ్ళీ తీసుకోవడం. ఒకమ్మాయి పేజీలన్నీ ఫోనులో ఫొటో తీసుకుంటోంది. ఇంకో అబ్బాయి చేత్తో ఎత్తి రాసుకుంటున్నాడు, నోట్సు కాదు, మాడ్యూల్ మొత్తం. బయట జిరాక్స్ తీయించుకోవచ్చు కదా అని అడగకూడదనుకున్నా అడిగేశాను. ఒక మాడ్యూల్ జిరాక్స్‌కయ్యే డబ్బుతో వారం రోజులు తినొచ్చు అన్నాడు.

మధ్యాహ్నం తీరికలో అమామా నన్ను అడిగారు, "రంగనాథన్ మీ వాడే కదా?" నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సు చేశారట, అందులో మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931 నాటి అయిదు సూత్రాలు బట్టీ పట్టించారట. ఆయన తమిళాయన, మాది ఆ పక్క రాష్ట్రం అని వివరించబోతే "పక్క రాష్ట్రమైతే మీ వాడే" అని తేల్చేశారు. నాలుగో సూత్రం చదివి వినిపించారు, పాఠకుడి సమయం ఆదా చేయాలని. గుమ్మంలో క్యూ చూపించి ఊరుకున్నారు.

మూడింటికి నన్ను ఆఫీసు వెనక గదికి తీసుకెళ్ళారు. అక్కడ గుడ్డ కప్పి ఒక మిషను ఉంది. రీసోగ్రాఫ్. చూడటానికి జిరాక్స్ మిషనులాగే ఉంటుంది, లోపల మాత్రం మన చిన్నప్పటి స్కూళ్ళలో పరీక్ష పేపర్లు తీసే సైక్లోస్టైల్‌కి చుట్టం: మాస్టర్ అనే పల్చటి కాగితం మీద సన్నటి రంధ్రాలు పొడిచి, దాన్ని సిలిండర్‌కి చుట్టి, సిరాని అందులోంచి కాగితం మీదకి నెడుతుంది. మొదటి కాపీకి ఖర్చెక్కువ, వందో కాపీ దాదాపు ఉత్తినే. జిరాక్స్‌లో లాగా సిరాని వేడితో అతికించే పని లేదు కాబట్టి చిన్న జనరేటర్ మీద కూడా నడుస్తుంది. రెండేళ్ళ కిందటి వరకు దీని మీదే మాడ్యూళ్ళు తీసేవాళ్ళు. సిరా అయిపోయింది, మాస్టర్ రోల్ అయిపోయింది, కొనడానికి డబ్బు రాలేదు, గుడ్డ కప్పారు. మిషను బాగానే ఉంది.

"మరి మా ఫారమ్‌లో ఇది ఎందుకు రాయలేదు?" అన్నాను.

"మీ ఫారమ్‌లో దీనికి గడి లేదు కదా అదాదా" అన్నారు.

నిజమే. టెక్నాలజీ, పుస్తకాలు, శిక్షణ, భవనాలు, ఇవీ మా గడులు. సిరా, కాగితం లాంటి వాడి పారేసే వస్తువులకి మా గ్రాంటు నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి ఫారమ్ తయారు చేసినప్పుడే వాటిని తీసేశాం, మనం ఇవ్వలేనివి అడిగి ఆశ పెట్టడం ఎందుకని. అంటే వాళ్ళకి ఏం కావాలని కాదు మేం అడిగింది, మా దగ్గర ఉన్నవాటిలో ఏది కావాలని.

ఏడో రోజు

ఆదివారం. సరస్సు చూడాలని పిల్లల గోల, న్కాటా బే వెళ్ళాం, యాభై కిలోమీటర్లు, అంతా దిగుడు. మలావీ సరస్సు 580 కిలోమీటర్ల పొడవు, ఒడ్డున నిలబడితే సముద్రమే. నీళ్ళలో దిగొద్దని (నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా ఉంటుంది) నేను చెప్పడం, ఇద్దరు దిగడం, అదంతా మామూలే. ఒడ్డున కర్ర పందిళ్ళ మీద ఉసీపా అనే చిన్న చేపలు ఎండబెట్టారు. ఆ వాసన తగలగానే నిజాంపట్నం గుర్తొచ్చింది, అచ్చం మెత్తళ్ళే. ఒక పొట్లం కొన్నాను. అమెరికా కస్టమ్స్ భయంతో చివరికి మ్జూజూలోనే డ్రైవర్‌కి ఇచ్చేశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఎనిమిదో రోజు

విద్యార్థులతో గుంపుగా మాట్లాడే రోజు. పదిహేను నిమిషాలయ్యాక ఒక లెక్చరర్ లేచి వెళ్ళి, ఫైలు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. లోపల మా కాలేజీ ముద్రతోనే ఫారమ్‌లు, 2022వి. ఇవే ప్రశ్నలు, కొన్ని పదాలు మారాయి. "దీని జవాబు ఏమైంది?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

జవాబు నాకు తెలుసు. 2022 బృందం 34 పేజీల రిపోర్టు రాసి మా ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఇచ్చింది, అది మా షేర్డ్ డ్రైవ్‌లో ఉంది, ప్రయాణానికి ముందు నేను చదివాను, చదివి పాయింట్లు కూడా రాసుకున్నాను. దాన్ని వీళ్ళకి పంపారా అన్న ఆలోచనే రాలేదు. వాళ్ళ గురించి 34 పేజీలు, వాళ్ళు తప్ప అందరూ చదివారు. ఆ రాత్రి ఫోను డేటాతో దింపుకుని ఉప ప్రిన్సిపాల్‌కి పంపాను. అందులో పందొమ్మిదో పేజీలో ఒక్క లైను ఉంది: "డూప్లికేటింగ్ మిషనుకు సిరా కొరత ఉన్నట్టు చెప్పారు."

ఇంకో ప్రశ్న కూడా ఆ రోజే వచ్చింది. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వ సాయం ఆగిపోయింది కదా, మీరు కూడా వెళ్ళిపోతారా అని ఒక అమ్మాయి అడిగింది. మేం ప్రభుత్వం కాదు, కాలేజీ అన్నాను. తల ఊపింది. నమ్మిందో లేదో.

తొమ్మిదో రోజు

మా రిపోర్టు చిత్తుప్రతి ముందు వాళ్ళకే చదివి వినిపించాం. సరిగ్గా పన్నెండు తప్పులు పట్టారు. "కరెంటు సమస్య" అని రాస్తే ఏ గంటల్లో పోతుందో రాయండి అన్నారు, ఎందుకంటే సమస్య కరెంటు కాదు, చదువుకునే ఏడు నుంచి తొమ్మిది మధ్య పోవడం. "బోధనా సామగ్రి లేదు" అన్న వాక్యం కొట్టేయించారు. ఒక లెక్చరర్ మమ్మల్ని తన గదికి తీసుకెళ్ళారు: సీసా మూతలతో లెక్కల చట్రం, మొక్కజొన్న కండెలతో స్థానవిలువలు, గోనెపట్టా మీద బొగ్గుతో దేశపటం. స్థానికంగా దొరికేవాటితో బోధించడాన్ని వాళ్ళు టాలులార్ అంటారు, అదొక సబ్జెక్టులా నేర్పిస్తారు. మా కాలేజీలో టీచర్లు కాబోయే పిల్లలు ఇవన్నీ దుకాణంలో కొంటారు అని మా వాళ్ళలో ఒకమ్మాయి అంటే, "అయితే ఒక సెమిస్టర్ నన్ను పిలవండి, నేర్పిస్తాను" అన్నారు ఆయన. నవ్వుతూనే అన్నారు కానీ రాసుకోమన్నారు. అవసరాల జాబితాలో అది మూడోది.

వీసా సంగతి మన తెలుగువాళ్ళకి చెప్పాలా. 185 డాలర్ల ఫీజు, ఇచ్చినా ఇవ్వకపోయినా వెనక్కి రాదు. మేం తిరిగొచ్చాక ఆగస్టులో మలావీ వాళ్ళకి సందర్శక వీసా కావాలంటే 5,000 నుంచి 15,000 డాలర్ల దాకా బాండ్ కట్టమనవచ్చని కొత్త నిబంధన పెట్టారు. వేరే రకం వీసాకి ప్రయత్నిస్తున్నాం. మూడోది ఇంకా మూడోదిగానే ఉంది.

పదో రోజు

పొద్దున్నే బయల్దేరి లిలాంగ్వే. సిరా, మాస్టర్ రోళ్ళు అమ్మే దుకాణం అక్కడ ఉంది. గ్రాంటు ఒప్పుకోదు కాబట్టి పిల్లలు తమ చివరి రోజు షికారు డబ్బులు వేశారు, నేను నా వంతు వేశాను, ఇది పద్ధతి కాదని నాకు తెలుసు, వచ్చే ఏడాది ఎవరు వేస్తారన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అమామా ఫోనులో మిషను నంబరు చదివి చెప్పారు, దుకాణంవాడు చీటీ మీద రాసుకున్నాడు, డబ్బాలు కట్టి సాయంత్రం మ్జూజూ బస్సులో పార్సిల్ వేయించాం.

మర్నాడు అడిస్‌లో విమానం మారుతుంటే వాట్సాప్ మోగింది. ఫొటో పంపారు అమామా, విప్పిన డబ్బా, పక్కన స్కేలు పెట్టి కొలిచి మరీ. సిరా సరైనదేనట, మాస్టర్ రోల్ సైజు తప్పట, వెడల్పు చాలదట. నాకు మళ్ళీ ఎర్ర స్విచ్ గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. జవాబు టైపు చేసేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది: "దుకాణంతో మాట్లాడాను, మారుస్తానన్నాడు. పది గంటల బస్సులో వెనక్కి పంపేశాను. మీరు విమానం ఎక్కండి."